మడ్‌గార్డు కింద నల్లతాడు

ప్రసన్నకుమార్ బండి కొన్నాడన్న సంగతి నాకు మా ఆవిడ చెప్పింది. అదే మొదటి దెబ్బ. పదిహేనేళ్ళుగా మన్సూరాబాద్‌లో మాది ఒకే వీధి, ఎదురెదురు ఇళ్ళు. పాత స్కూటరుకి టైరు మార్చాలన్నా, హెల్మెట్ కొనాలన్నా "లింగస్వామీ, ఏది తీసుకోమంటావ్?" అని గుమ్మం దిగి వచ్చే మనిషి, ఈసారి ఏకంగా బండే తెచ్చి ఇంటిముందు నిలబెట్టి నాకు మాటమాత్రం చెప్పలేదు.

"అన్న కొత్త బండి తెచ్చిండు, చూసినవా? ఎంత ఎత్తున్నదో! గుర్రం లెక్క నిలవడ్డది," అంది స్వప్న. నేనింకా చేతుల గ్రీజు కూడా కడుక్కోలేదు. బయటికి వెళ్ళి చూశాను. ఎక్కువసేపు చూడలేకపోయాను, లోపలికొచ్చి ఆకలి లేదని గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఎందుకంటే అది నా బండి. కాగితాల మీద కాదు లెండి. కానీ ఈ వీధిలో, ఆ మాటకొస్తే ఈ ఎల్బీనగర్ మొత్తంలో, ఆ బండి ఎవరిదని అడిగితే నాదే అని చెప్పాలి.

అది గుట్టల్లో, వాగుల్లో, రాళ్ళమీద నడపడానికి చేసిన ట్రెయిల్ బండి. ఇంజను చిన్నదే, రెండు వందల సీసీ లోపే. ఫ్లైఓవర్ మీద ఏ కాలేజీ కుర్రాడైనా దాన్ని దాటేసి పోతాడు. దాని గొప్పతనం వేగంలో లేదు. ముందు చక్రం ఇరవై ఒక్క అంగుళాలు, పెద్దదీ సన్నదీ. చిన్న చక్రం ఏ రాయి దగ్గర ఆగిపోతుందో, అది ఆ రాయినెక్కి అవతలికి దిగుతుంది. స్పోక్స్ చక్రాలు. దెబ్బ తగిలితే వంగుతాయి గానీ పగలవు, మళ్ళీ కూర్చుని సరిచేసుకోవచ్చు. సైలెన్సరు నడుము దాకా ఎత్తి కట్టారు, వాగులో దిగినా నీళ్ళు పోకుండా. ఇంజనుకీ నేలకీ మధ్య జానెడు ఖాళీ, దానికింద రేకు కవచం. మనిషి కూర్చుని నడిపే బండి కాదది, లేచి నిలబడి నడిపే బండి.

ఇవన్నీ పుస్తకంలో చదివిన ముక్కలు కావు. చౌరస్తా దగ్గర సర్వీస్ సెంటర్లో నాది పంతొమ్మిదేళ్ళ నౌకరీ. ఆ బండి కొత్తగా వచ్చినప్పుడు మా సెంటరు నుంచి ట్రైనింగుకి పోయింది నేనొక్కణ్ణే. సర్వీసుకి వచ్చిన ప్రతి ట్రెయిల్ బండినీ టెస్టు అని చెప్పి అల్మాస్‌గూడ దాకా తీసుకుపోయేవాణ్ణి. అక్కడ ఇళ్ళు కట్టని ప్లాట్ల మధ్య మట్టిదిబ్బలు ఇంకా మిగిలున్నాయి. పది నిమిషాల టెస్టుకి నలభై నిమిషాలు పట్టేది. తిరిగొచ్చి బండి తుడిచి, తాళం కౌంటర్లో పెట్టి, పక్కన నిలబడి ఎవడో దాన్నెక్కి పోతుంటే చూసేవాణ్ణి. ప్రతి దసరాకీ కొందామనుకునేవాణ్ణి. ప్రతి దసరాకీ ఇంట్లో ఇంకేదో ముందుకొచ్చేది.

మర్నాడు పొద్దున ప్రసన్న నన్ను వాటేసుకున్నంత పని చేశాడు. "నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని చెప్పలేదయ్యా! నీ నోటివెంట దీని గురించి వినీ వినీ నాకూ పిచ్చి పట్టింది," అన్నాడు.

"మంచిగ చేసినవ్," అన్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే మనిషి! క్లచ్ ఎక్కడ పడుతుందో తెలియదు. గేరు మార్చేటప్పుడు కాలివైపు తొంగి చూస్తాడు. నేను పట్టిన పిచ్చిని తీసుకెళ్ళి వాడు కొనుక్కున్నాడు. అయినా ఆ సాయంత్రం నుంచే అల్మాస్‌గూడ దిబ్బల దగ్గర, నా పాత బండి మీద వాడికి నిలబడి నడపడం నేర్పాను.

శుక్రవారం బండికి పూజ. ప్రసన్న వాళ్ళమ్మ సీతామహాలక్ష్మిగారు అలాంటివి దగ్గరుండి చేయిస్తారు. గుడివాడ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయినా ఆవిడ మాటా, ఆవిడ పులుసూ, ఆవిడ పట్టింపులూ ఏవీ మారలేదు. టాంకు మీద పసుపుతో స్వస్తిక్ వేసి, కుంకుమ పెట్టి, హ్యాండిలుకి బంతిపూల దండ కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వీధి వీధంతా చేరింది. "లింగస్వామీ, నువ్వు చెప్పు, దీని సంగతులు మనవాళ్ళకి నువ్వే చెప్పాలి," అని ప్రసన్న నన్ను ముందుకు తోశాడు.

చెప్పడం మొదలుపెడితే నేనాగను. అదో జబ్బు. చక్రం గురించి చెప్పాను, సైలెన్సరు గురించి చెప్పాను, రాళ్ళలోకి దిగేముందు టైర్లలో గాలి ఎందుకు తగ్గించాలో చెప్పాను. అందరూ నోరు తెరుచుకుని విన్నారు. విన్నాక అందరూ తిరిగి ప్రసన్న వైపు చూసి "బండంటే గిది!" అన్నారు. స్వప్న అయితే "అన్నకు మస్తు టేస్టున్నది," అని నా పక్కనే నిలబడి అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పరాయివాడి పెళ్ళిలో నేను చెమటలు కక్కుతూ సన్నాయి ఊదుతున్నట్టుంది.

అప్పుడే సీతామహాలక్ష్మిగారు వంగి ముందు చక్రాన్ని పరీక్షగా చూశారు. "ఇదేంటి నాయనా, చక్రం కిందెక్కడో ఉంది, దాని మీది రేకు పైనెక్కడో ఉంది? ఊడొచ్చిందా ఏవిటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "లేదమ్మా. గుంతల పడ్డప్పుడు గీ చక్రం ఏడున్నర అంగుళాలు పైకొస్తది. వేరే బండ్లకు మడ్‌గార్డు చక్రంతోటే కదుల్తది. దీనికి అట్ల కాదు, మడ్‌గార్డు పైన ఫిక్సు. నడుమ జాగ లేకుంటే చక్రం పోయి దాన్ని గుద్దుకుంటది. గందుకే ఆడ అంత ఖాళీ ఇడిసిన్రు."

"ఏమో నాయనా, నాకు మాత్రం బోసిగా ఉంది," అంటూ ఆవిడ ఒక కవరు తీశారు. దిల్‌సుఖ్‌నగర్ పూజసామాను కొట్లో తెచ్చిన నల్లతాడు. బొటనవేలంత లావు, నైలాన్‌తో జడలా అల్లింది, చివర కుచ్చు. "ఇంతమంది చూస్తున్నారు, ఎవరి కన్ను ఎలాంటిదో. నువ్వే కట్టు లింగస్వామీ, నీ చెయ్యి గట్టిది. ఇదిగో ఇక్కడ, ఈ ఖాళీలో వేలాడితే నిండుగా ఉంటుంది."

ఆవిడ వేలు పెట్టి చూపించింది మడ్‌గార్డు కిందే. సరిగ్గా చక్రం నెత్తి మీద.

షోరూం నుంచి బయటికి పోయే బండ్లకి ఇలాంటి తాళ్ళు నా చేత్తో ఎన్ని వందలు కట్టానో నాకే లెక్క లేదు. కట్టమంటారు, కడతాం. మామూలు బండికి ఎక్కడ కట్టినా నష్టం లేదు. ఈ బండికి అక్కడ కడితే, రోడ్డు మీద తిరిగినంతకాలం ఏమీ కాదు. రాళ్ళలో దిగి, చక్రం పూర్తిగా పైకి వచ్చిన రోజున ఆ తాడు టైరు గుబ్బలకి చిక్కుతుంది. ఆ సంగతి అక్కడున్న వాళ్ళలో ఒక్కడికే తెలుసు. చక్రం ఎంత పైకొస్తుందో నా నోటితో నేను చెప్పి రెండు నిమిషాలు కూడా కాలేదు.

కట్టాను. మడ్‌గార్డు కింద బోల్టు సందులోంచి దూర్చి, రెండు ముళ్ళు వేసి, లాగి చూసి మరీ కట్టాను. పెద్దావిడ మాట కాదనలేక కట్టానని అప్పటికి నాకు నేను చెప్పుకున్నాను. గుట్టలకి పోయేముందు విప్పేద్దాంలే అని కూడా అనుకున్నాను. ప్రసన్న బండెక్కి నిమ్మకాయల మీద నుంచి పోనివ్వబోతే రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం పొద్దున్నే అబ్దుల్లాపూర్‌మెట్ బయలుదేరాం. హైవే దిగి లోపలికి పోతే రాతిగుట్టలున్నాయి. ట్రెయిల్ బండ్లవాళ్ళు ఓ పది మంది ఆదివారాలు అక్కడ చేరతారు. ప్రసన్న ముందు, నా పాత నూరు సీసీ బండి మీద నేను వెనక. దారి పొడుగునా ఆ కుచ్చు ఊగడం నాకు కనిపిస్తూనే ఉంది. దిగగానే చెప్పాలి, దిగగానే విప్పాలి అనుకుంటూనే పోయాను. ఇది మాత్రం నిజంగానే అనుకున్నాను.

దిగగానే టైర్లలో గాలి తగ్గించాను. చైను చూశాను. చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, రాళ్ళలో పనికిరాదని ఆపేశాను. ఇక తాడు దగ్గరికి వంగబోతుండగా ఆ జట్టువాళ్ళు వచ్చి ప్రసన్న చుట్టూ మూగారు. ప్రసన్న గొంతు సవరించుకున్నాడు. "దీని గొప్పతనం వేగంలో లేదండీ. ఇది కూర్చుని నడిపేది కాదు, నిలబడి నడిపేది..." నా మాటలే. ఒక్క ముక్క పొల్లు పోకుండా నావే. వాళ్ళు తలలూపుతున్నారు. వాళ్ళలో ఒకాయన నన్ను చూసి "వీరు?" అన్నాడు.

"మా మెకానిక్," అన్నాడు ప్రసన్న.

స్నేహితుడు అనలేదు. ఎదురింటాయన అనలేదు. పదిహేనేళ్ళు వాళ్ళింట్లో కాఫీ తాగాను, వాళ్ళ నాన్న పోయినప్పుడు పాడె మోశాను. మా మెకానిక్! తాడు మీద పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాను.

"గంతే, అంత ఓకే. పో," అన్నాను.

నిజం చెప్పాలంటే మొదటి ఎత్తు చక్కగా ఎక్కాడు. కాళ్ళు పెట్టుకునే పెగ్గుల మీద నిలబడి, మోకాళ్ళతో టాంకు పట్టుకుని, చూపు దూరంగా పెట్టి, నేను నేర్పినవన్నీ చేశాడు. కింద జట్టువాళ్ళు చప్పట్లు కొట్టారు. వాడు పడితే బాగుండునని ఆ క్షణాన నేను కోరుకున్నాను. గట్టిగా కాదు, కాస్త. లోకువయ్యేంత.

ఎత్తు అవతల మోకాలెత్తు బండరాయి, దాని మీంచి కిందికి దూకాలి. నేను ముందే అటు పోయి నిలబడ్డాను. దిగిన చోట ముందు చక్రం మీదే బరువంతా పడుతుంది, స్ప్రింగు పూర్తిగా నొక్కుకుంటుంది. వాడు రాయి అంచుకి వచ్చాడు. "ఆగు" అనడానికి నాకు టైముంది. నోరు తెరిచాను కూడా. తెరిచి, మూశాను.

చక్రం నేలకి తగిలి పైకి లేచింది. టైరు తాడుని పట్టి, చక్రాన్ని పట్టుకున్న ఫోర్కు సందులోకి లాక్కుంది. చక్రం బిగుసుకుపోయింది. ప్రసన్న హ్యాండిలు మీంచి ఎగిరి భుజం మీద పడ్డాడు. ఆ ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

అందరికంటే ముందు పరుగెత్తింది నేనే. కానీ మనిషి దగ్గరికి కాదు, బండి దగ్గరికి. జేబులో బ్లేడు తీసి తాడు కోసి, నలిగిన ముక్కలు లాగి జేబులో కుక్కుకున్నాను. తర్వాతే ప్రసన్న దగ్గరికి పోయాను. నేనెంతటి మనిషినో తెలుసుకోవడానికి ఈ ఒక్కటి చాలు.

"ఫ్రంట్ బ్రేక్ పట్టేశాడా?" అన్నారు ఎవరో.

"అవు. ఫ్రంట్ బ్రేక్ పట్టిండు," అన్నాను.

ప్రసన్న నొప్పితో కళ్ళు మూసుకుని "నేను బ్రేకు ముట్టుకున్నట్టు లేదు లింగస్వామీ," అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వన్నావంటే అదే అయ్యుంటుందిలే. కంగారులో నాకే తెలిసుండదు," అన్నాడు.

ఎల్బీనగర్ దవాఖానలో కాలర్ ఎముక విరిగిందన్నారు. మూడు నెలలు బండి ముట్టుకోవద్దన్నారు. మధ్యాహ్నానికి ఇంటికి పంపించారు. క్యాబులో ప్రసన్నది దారంతా ఒకటే మాట: "నాలుగు రోజులు నేర్పావు. అయినా బ్రేకు పట్టేశాను. సిగ్గేస్తోంది." నేను కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

దీపాలు పెట్టేవేళ సీతామహాలక్ష్మిగారు దిష్టి తీశారు. కొడుకుని తూర్పుముఖంగా కూర్చోబెట్టి, గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..." అంటూ చుట్టూ తిప్పారు. పొరుగు అన్నప్పుడు నేను జేబు మీద చెయ్యి వేసుకున్నాను. తీసుకెళ్ళి వాకిట్లో బొగ్గుల మీద వేశారు. మిరపకాయలు కాలుతున్నాయి గానీ ఘాటు లేదు. ఒక్కరికీ దగ్గు రాలేదు.

"చూశారా? ఘాటే లేదు! ఎంత దిష్టి తగిలుంటుందో!" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఏ పాపిష్టి కన్నో. ఆ తాడుండబట్టి ఎముకతో పోయింది. నువ్వు గట్టిగా కట్టావు కాబట్టి నా బిడ్డ దక్కాడు నాయనా. రా, నీకూ తీస్తాను. పొద్దున్నుంచీ వాడి వెంటే ఉన్నావు."

వద్దంటే వినరు. నన్నూ కూర్చోబెట్టి తిప్పారు. ఈసారి మిరపకాయలు బొగ్గుల మీద పడగానే వాకిలంతా ఘాటెక్కిపోయింది. అందరూ దగ్గారు, ప్రసన్న కట్టు పట్టుకుని మరీ దగ్గాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "నీకేం లేదులే. నీ మీద ఎవరి కన్నూ పడలేదు," అన్నారు ఆప్యాయంగా. ఆవిడ నోట అంతకంటే నిజమైన మాట నేనెప్పుడూ వినలేదు. నన్ను చూసి ఎవడు కుళ్ళుకుంటాడు?

ఆవిడ ఆ బూడిద పారబోయడానికి వీధి చివరకి వెళ్ళారు. ప్రసన్న కుడిచేత్తో జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

"ఈ మూడు నెలలూ నువ్వు నడుపు లింగస్వామీ. తర్వాత కూడా నువ్వే నడుపు. నాకు చేతకాదని తేలిపోయిందిగా. పొద్దున వాళ్ళకి నిన్ను పరిచయం చేశాను చూడు, మా మెకానిక్ అని? నాకెంత గొప్పగా అనిపించిందో తెలుసా? అక్కడ ఒక్కడికైనా నీలాంటి మెకానిక్ ఉన్నాడా?"

తాళం నా అరచేతిలో ఉంది. ఎన్నో ఏళ్ళుగా కౌంటర్లో పెట్టి వచ్చిన తాళమే. గొంతులో ఇంకా మిరపకాయల మంట ఉంది. జేబులో చెయ్యి పెట్టి తాడు ముక్కలు తీసి, వాడి ముందున్న స్టూలు మీద పెట్టాను.

"ప్రసన్నా, నువ్వు బ్రేకు పట్టలే," అన్నాను. "గీ తాడు చక్రంల ఇరికింది. నేనే కోసి దాసిన."

వాడు ముక్కలు తిప్పి చూశాడు. టైరు గుబ్బలు నలిపిన చోట నైలాను తెల్లబడి ఉంది. మంచి తెలివిగలవాడు, మళ్ళీ చెప్పనక్కర్లేకపోయింది.

"కట్టేటప్పుడే తెలుసా?"

"తెల్సు."

"పొద్దున నేను బండెక్కేటప్పుడు?"

"గప్పుడు గూడ."

ముక్కలు స్టూలు మీద ఒక్కొక్కటిగా వరసలో పెట్టాడు. తిట్టినా బాగుండును. నేను తాళం స్టూలు మీద పెట్టబోతే, ఆ మంచి చేత్తోనే నా చెయ్యి వెనక్కి నెట్టాడు.

"వద్దు. నీ దగ్గరే ఉండనీ. నడపమని కాదు. నీ ఇంటిముందు పెట్టుకుని రోజూ చూస్తూ ఉండు."

బండి ఇప్పుడు మా గేటు ముందే ఉంది. వంగిన లీవరు మార్చాను, ఫోర్కు సరిచేశాను, రోజూ తుడుస్తాను. కిక్కు మాత్రం కొట్టలేదు. "అంత పానం ఇడిసినవ్ గదా దానికి, ఎందుకు నడుపుతలేవ్?" అని స్వప్న రోజూ అడుగుతుంది. ఎదురింటి అరుగు మీద ప్రసన్న చేతికట్టుతో పేపరు చదువుకుంటూ ఉంటాడు. తలెత్తడు. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదని నాకు శనివారం తెలిసింది. సీతామహాలక్ష్మిగారు ఇంకో నల్లతాడు తెచ్చి, "పాతది తెగిపోయిందిగా నాయనా, ఇది కట్టు. నువ్వయితే గట్టిగా కడతావు," అని నా చేతిలో పెట్టి వెళ్ళారు.

కట్టాను. మడ్‌గార్డు కింద కాదు, హ్యాండిలుకి, రెండు చుట్లు చుట్టి, కుచ్చు కోసేసి, ఏదీ వేలాడకుండా కట్టాను. ఎక్కడ కట్టాలో నాకు తెలుసు. పోయినసారి కూడా తెలుసు.